పెద్ద ఉమ్మడిలో చేరబోవు దేశములు – ప్రకృతి రక్షణకు పైకము
(మా సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



వేపపూత, మామిడిపిందె లేక ఉగాది లేదు. కనుక ఈ పండుగనాడు ప్రకృతిని గూర్చి రెండు మాటలు చెప్పుట అసందర్భము కాదని తలచుచున్నాము. మేము చెప్పబోవునది దూరదేశపు కథ. ఐరోపా సమాఖ్యలో చేరుటకు సిద్ధపడిన దేశములు తమ చిత్తడినేలలను, పక్షులను కాపాడుకొనుటకు ధనమెక్కడ తెచ్చుకొన్నవి, అది ఏమి చేసినది అన్నదే విషయము.

2004 మే 1న పోలెండు, హంగేరీ మొదలైన పది దేశములు ఆ సమాఖ్యలో చేరినవి. 2007లో రుమేనియా, బల్గేరియా, 2013లో క్రొయేషియా చేరినవి. చేరదలచిన ప్రతి దేశమునకు ఒక నిబంధన కలదు. 1979 నాటి పక్షుల ఆదేశమును, 1992 నాటి సహజావాసముల ఆదేశమును తన చట్టములలో చేర్చుకొని, ‘నాచురా 2000’ అను రక్షిత స్థలముల జాబితాను సిద్ధపరచవలెను. అందుకు శాస్త్రజ్ఞులు కావలెను, పటములు కావలెను, కావలివారు కావలెను. అన్నిటికిని పైకము కావలెను.

మన యిండ్లలో పిల్ల కాపురమునకు పోవునపుడు పుట్టింటివారు సారె పెట్టుదురు. అక్కడ అత్తవారే ముందుగా సారె పంపిరి! 2000 నుండి ఏటా ఫేర్ పథకము క్రింద సుమారు 156 కోట్ల యూరోలు, ఇస్పా క్రింద 104 కోట్లు, సపార్డ్ క్రింద 52 కోట్లు కేటాయించిరి. చూచుటకు పెద్ద మొత్తమే. కాని ఇస్పా ధనము రవాణాకు, పర్యావరణమునకు పంచబడినది. పర్యావరణపు వంతులో అధికభాగము మురుగునీటికి, మంచినీటికి, చెత్తకు పోయినది. అవి అక్కరలేనివని మేమనము. అయినను కొంగకు మిగిలినది కొంచెమే.

1992లో ఏర్పడిన ‘లైఫ్’ నిధి చిన్నదే కాని ప్రకృతికి సూటిగా అందినది. రుమేనియా సభ్యత్వమునకు ఎనిమిదేండ్ల ముందే, 1999లో, అందులో ప్రవేశించినది. అయితే ఆ నిధి అప్పట్లో సాధారణముగా సగము ఖర్చే ఇచ్చెడిది. అత్యంతావశ్యక జీవులకు ముప్పాతిక వరకు. తక్కినది స్థానికులు పెట్టుకొనవలెను. పేదదేశపు శాఖకు ఆ తక్కిన సగమే కొండ.

పోలెండులో బియెబ్జా అను విశాలమైన చిత్తడినేల కలదు. పూర్వము రైతులు పశువులకై అక్కడి గడ్డిని పొడుగుపిడి కొడవళ్లతో కోసెడివారు. ఆ కోత ఆగిపోగా పొదలు పెరిగి, తుంగలో గూడుకట్టు ఒక అరుదైన చిన్నపిట్టకు చోటు లేకపోయినది. చేరిన పిమ్మట లైఫ్ ధనముతో మరల గడ్డి కోయించిరి. మంచుకొండలపై నడుపు యంత్రములను మార్చి ఆ బురదలో దింపిరి! కోసినవారికి కూలి గిట్టినది, పిట్టకు గూడు దక్కినది.

మన కర్ణాటకలోనే కొక్కరెబెళ్లూరు ఉన్నది గదా! అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్లపై గూళ్లు కట్టును. చెట్టు యజమానులకు అటవీశాఖ కొంత పరిహారమిచ్చును. సూత్రమొకటే: కాపాడు చేతికి కూలి దక్కవలెను.

అయితే ఒక చేయి ఇచ్చుచుండగా మరియొక చేయి లాగుకొనుటయు కలదు. పోలెండులో రోస్పుడా లోయ చిత్తడినేల మీదుగా రహదారి వేయబూనగా, 2007లో సమాఖ్య కమిషను న్యాయస్థానమునకు వెళ్లినది. 2009లో పోలెండు దారి మార్చుకొన్నది. అక్కడ పైకము కాదు, చట్టము కాపాడినది.

నేడు ఆ గుమ్మము ముందు అల్బేనియా నిలిచియున్నది. 2022లో దాని చేరిక చర్చలు ఆరంభమైనవి. 2023 మార్చిలో వ్యోసా నదిని జాతీయోద్యానముగా ప్రకటించినది; మెచ్చుకొనదగినదే. కాని ఆ నది సముద్రమున కలియు ప్రాంతముననే 2021లో విమానాశ్రయ నిర్మాణమారంభించిరి. 2024లో రక్షిత స్థలములలో విలాసపు హోటళ్లకు వీలుగా చట్టము సడలించిరి. గుమ్మము దాటకముందే జాగ్రత్త పడవలెనని మా మనవి. పథకపు ధనము కొన్ని యేండ్లకు తీరిపోవును. ఎండిన చిత్తడి తిరిగి రాదు.

మనము నేటి పచ్చడికి వేపపూతను బజారులో కొంటిమి. బేరమాడితిమి గాని, ఆ చెట్టును పెంచినవారికి ఏమి ముట్టినదని అడిగితిమా? వచ్చే ఉగాదికైనను అడుగుదము. సెలవు.