మెట్లు చూపించు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"కంప్యూటర్ల గురించి మాట్లాడు, కానీ అందరికీ అర్థమయ్యేలా మాట్లాడు" అన్నారు మన సంఘం కార్యదర్శి గారు. నేను 1991 పదో తరగతి బ్యాచ్. మేం పబ్లిక్ పరీక్షలకు కుస్తీ పడుతున్న ఆ ఫిబ్రవరిలోనే నెదర్లాండ్స్‌లో గైడో వాన్ రాసమ్ అనే ఆయన పైథాన్ అనే కంప్యూటర్ భాష తొలి కూర్పును బయటపెట్టాడు. ఆ భాషే ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతోంది. అయితే ఈ రోజు చెప్పబోయేది ఉద్యోగం సంగతి కాదు. మన బడి కోసం, మన గురువుల ఇళ్ల కోసం అదే భాషలో చేసిన ఓ చిన్న పని గురించి. అందులో నేను చేసిన ఓ పెద్ద తప్పు గురించి కూడా.

మన లెక్కల మాస్టారి అనుమతితోనే ఈ విషయం చెబుతున్నాను. మూడేళ్ల క్రితం ఆయన ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. "మీ పార్సిల్ ఆగిపోయింది, చిరునామా సరిచేయండి" అని, కింద ఒక లింకు. మాస్టారు నిజంగానే మనవరాలి కోసం ఒక పార్సిల్ ఎదురు చూస్తున్నారు. నొక్కారు. చిన్న రుసుము కట్టమంటే కార్డు నంబరు ఇచ్చారు, ఓటీపీ కూడా ఇచ్చారు. ఒక నెల పెన్షను పోయింది. డబ్బు పోవడం కంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆయన రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. "నా లెక్కే తప్పిందని ఎవరితో చెప్పుకోనురా" అన్నారు నాతో. ఇలాంటిది జరిగితే సిగ్గు పడకుండా ఆ నిమిషంలోనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అప్పుడే మన బ్యాచ్ వాళ్లం ఒక నిర్ణయం తీసుకున్నాం. మన బడి కంప్యూటర్ ల్యాబుకు, రిటైరైన 14 మంది గురువుల ఇళ్లకు, మా తల్లిదండ్రులు ఒంటరిగా ఉంటున్న 7 ఇళ్లకు డీఎన్ఎస్ రక్షణ పెట్టాలని. మొత్తం 22.

డీఎన్ఎస్ అంటే ఏమిటి? మన ఊరి బస్టాండు పక్కన టీ కొట్టు ఉంది కదా. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు బస్సు దిగి "ఫలానా వారి ఇల్లెక్కడ?" అని అక్కడే అడుగుతారు. ఆయన దారి చెబుతాడు. ఇంటర్నెట్‌లో మీరు ఒక సైటు పేరు నొక్కగానే ఫోను కూడా ముందు ఇలాంటి టీ కొట్టునే అడుగుతుంది. "ఈ పేరు గల వారి ఇంటి నంబరెంత?" అని. 1983కి ముందు ఆ పేర్లూ నంబర్లూ అన్నీ ఒకే ఫైలులో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కొందరు కూర్చుని దాన్ని చేత్తో దిద్దేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించాడు.

ఇప్పుడు ఆ టీ కొట్టాయన మంచివాడు, ఊరి మోసగాళ్ల చిట్టా ఆయన దగ్గర ఉంది అనుకోండి. ఎవరైనా ఆ ఇంటి దారి అడిగితే "వద్దు బాబూ, అక్కడికి వెళ్లకు" అంటాడు. డీఎన్ఎస్ రక్షణ అంటే ఇంతే. క్వాడ్9, క్లౌడ్‌ఫ్లేర్ వంటివి ఇలాంటి సేవలు ఇస్తాయి. మేం నెక్స్ట్‌డీఎన్ఎస్ అనేదాన్ని తీసుకున్నాం. ఎందుకంటే అందులో ఇంటికో ప్రొఫైలు పెట్టుకోవచ్చు. ల్యాబులో పిల్లలకు ఒక తీరు, పెద్దవాళ్లకు ఇంకో తీరు. ఉచితంగా అయితే నెలకు 3 లక్షల ప్రశ్నల దాకా జవాబిస్తుంది. ఆ లెక్క దాటితే ఇంటర్నెట్ ఆగదు కానీ వడపోత ఆగిపోతుంది. ఎవరికీ తెలియకుండా కాపలా పోవడం కంటే ప్రమాదం లేదు, అందుకే చందా కట్టాం. ఆండ్రాయిడ్ 9 నుంచీ ఫోను సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే చోటుంది. అక్కడ ఆ ఇంటి ప్రొఫైలు చిరునామా రాస్తే సరిపోతుంది.

ప్రతి ప్రొఫైలులో చాలా స్విచ్చులుంటాయి. ఒక అక్షరం అటూ ఇటూ మార్చి అసలు పేరులా కనిపించే సైట్లను ఆపేది ఒకటి. వేరే లిపిలోని అక్షరాన్ని ఇంగ్లిష్ అక్షరంలా చూపించి మోసగించే పేర్లను ఆపేది ఒకటి. నమోదై 30 రోజులు కూడా నిండని కొత్త పేర్లను ఆపేది ఇంకొకటి. ఈ మూడో దాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాను.

మొదట్లో 22 ప్రొఫైళ్లనూ చేత్తోనే పెట్టాను. మూడు నెలల తర్వాత చూసుకుంటే రెండు ఇళ్లలో ముఖ్యమైన ఒక స్విచ్చు ఆపేసి ఉంది. ఎవరూ ఆపలేదు. నేనే నిద్రమత్తులో రెండుసార్లు నొక్కాను. ఆ రెండిళ్లలో ఒకటి ఎవరిదో చెప్పనక్కర్లేదు, మాస్టారిదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకే పనిని 22 సార్లు చేత్తో చేస్తే తప్పు జరగకుండా ఉండదు. ఆ పనిని పైథాన్‌కు అప్పగిద్దామనుకున్నాను.

ఈ సేవకు ఏపీఐ ఉంది. ఏపీఐ అంటే ఆఫీసు వెనక కిటికీ లాంటిది. జనం ముందు గుమ్మంలోంచి వచ్చి స్విచ్చులు నొక్కుతారు. ప్రోగ్రాములు వెనక కిటికీలోంచి చీటీ ఇచ్చి పని చేయించుకుంటాయి. చీటీ మీద మన రహస్య కీ ఉంటేనే లోపల తీసుకుంటారు. చీటీ ఏ కొలతలో ఉండాలి, ఏ గడిలో ఏం రాయాలి, తిరిగొచ్చిన జవాబును ఎలా చదవాలి అన్న తంటా మనకు లేకుండా చేసేదే క్లయింట్ లైబ్రరీ. "ఈ ప్రొఫైలు తెచ్చివ్వు", "ఈ పేరును నిషేధ జాబితాలో చేర్చు" అని పైథాన్‌లో ఒక వరుస రాస్తే చీటీ సంగతి అది చూసుకుంటుంది.

జూనియర్లకు ఇక్కడ రెండు మాటలు. ఇలాంటి లైబ్రరీలు చాలావరకు ఔత్సాహికులు రాసినవి. ఇన్‌స్టాల్ చేసే ముందు పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. సైట్ల పేర్లకు నకిళ్లు ఉన్నట్టే పైథాన్ ప్యాకేజీల పేర్లకూ నకిళ్లు ఉంటాయి. లైబ్రరీ మీ ఖాతా పాస్‌వర్డు అడిగితే వద్దనండి, ఏపీఐ కీతో పనిచేసేదాన్ని ఎంచుకోండి. ఆ కీని కోడులో రాయకండి, విడిగా దాచండి. కోడును స్నేహితుడికి పంపిన రోజు ఇంటి తాళం కూడా పంపినట్టవుతుంది.

నా ప్రోగ్రాము వంద వరుసలు కూడా లేదు. ఒక ఫైలులో అందరికీ వర్తించే నియమాలు. ఇంకో ఫైలులో ఇంటింటికీ ఉన్న మినహాయింపులు. ప్రోగ్రాము ఆ రెండూ కలిపి ఒక్కో ప్రొఫైలుకు పంపుతుంది. చేత్తో రెండు ఆదివారాలు పట్టిన పని నిమిషంలోపే అయిపోయింది. ఆ రోజు నా గర్వం చూడాలి!

ఆ గర్వం పన్నెండు రోజుల కిందట పుట్టిన ఒక పేరు దగ్గర దిగిపోయింది. ఈ స్వర్ణోత్సవానికి మన సంఘం కొత్త వెబ్‌సైటు పెట్టింది కదా, దాని పేరు నమోదై అప్పటికి పన్నెండు రోజులే. కొత్త పేర్లను ఆపే స్విచ్చును నేను ఒక్క దెబ్బతో 22 చోట్లా వేసేశాను. ఆ సాయంత్రమే గురువులందరికీ వాట్సాప్‌లో ఆహ్వానం లింకు వెళ్లింది. ఎవరింట్లోనూ తెరుచుకోలేదు. కొందరు ఫోన్ చేసి అడిగారు. మన తెలుగు టీచర్ గారు అడగలేదు. నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మాయి చెబితే తెలిసింది. "నన్ను పిలవడం ఇష్టం లేక పని చేయని కాగితం పంపినట్టున్నారు" అని ఆవిడ అన్నారట. టీచర్ గారూ, ఈ సభలో మరోసారి క్షమాపణ కోరుతున్నాను.

చేత్తో చేస్తే రెండిళ్లలో తప్పు జరిగింది. ప్రోగ్రాముతో చేస్తే 22 ఇళ్లలో జరిగింది, అదీ నిమిషంలో. ప్రోగ్రాము మన జాగ్రత్తను ఎంత వేగంగా పంచుతుందో అజాగ్రత్తనూ అంతే వేగంగా పంచుతుంది.

ఈ సంగతి లెక్కల మాస్టారికి చెప్పాను. ఆయన పెద్దగా తిట్టలేదు. ఒకే మాట అన్నారు. "మెట్లు చూపించకుండా జవాబు రాశావు." ఆయన దగ్గర చదివినవాళ్లకు ఈ మాట విలువ తెలుసు. జవాబు సరైనదైనా సరే, మెట్లు లేకపోతే సున్నాయే.

ఆ రోజు నుంచి నా ప్రోగ్రాము మెట్లు చూపిస్తోంది. మొదటి మెట్టు, ఇప్పుడున్న స్థితిని ప్రతి ప్రొఫైలు నుంచీ చదివి తేదీ వేసి దాచుకుంటుంది. ఏదైనా చెడితే పాత స్థితికి తిరిగి వెళ్లడానికి. రెండో మెట్టు, ఉన్నదానికీ ఉండాల్సినదానికీ తేడా లెక్కగట్టి కాగితం మీద పెడుతుంది. అప్పటికింకా ఏదీ మార్చదు. మూడో మెట్టు, ఆ కాగితం చూసి ఒక మనిషి సరేనన్నాక ముందు నా ఇంటి ప్రొఫైలు మీదే ప్రయోగిస్తుంది. రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ నన్ను తిట్టకపోతేనే మిగతా ఇళ్లకు. నాలుగో మెట్టు, పంపాక మళ్లీ చదివి, మార్పు నిజంగా పడిందో లేదో సరిచూస్తుంది. వరుసగా చీటీలు తోస్తే సర్వరు 429 అనే జవాబిస్తుంది. "తొందరెందుకు, కాస్త ఆగు" అని దానర్థం. అప్పుడు కాసేపు ఆగి మళ్లీ అడుగుతుంది.

ఇంకో చిన్న సంగతి, తెలియకపోతే కొంప ముంచేది. చీటీల్లో రకాలున్నాయి. పోస్ట్ అంటే హాజరు పట్టీలో ఒక కొత్త పేరు చేర్చడం. ప్యాచ్ అంటే ఉన్న పట్టీలో ఒక గడి దిద్దడం. పుట్ అంటే పాత పట్టీ తీసేసి కొత్త పట్టీ పెట్టడం. ఒక్క పేరు చేర్చాలనుకుని మూడోది వాడితే తరగతిలో ఆ ఒక్కడే మిగులుతాడు.

ఆ తేడాల కాగితం చూసి సరే అనే మనిషి ఎవరనుకున్నారు? మన లెక్కల మాస్టారే. నెలకోసారి ప్రింటు తీసి ఇస్తాను. ఎర్ర పెన్నుతో దిద్దుతారు. మొదటిసారే ఒక వరుస కింద గీత గీసి అడిగారు. "ఈ లాగ్ అంటే ఏమిటి?" టీ కొట్టాయన ఎవరు ఏ ఇంటి దారి అడిగారో రాసి పెట్టుకునే పుస్తకం అని చెప్పాను. "అంటే నేను రాత్రి పదింటికి ఏం చూస్తున్నానో నీకు తెలుస్తుందన్నమాట" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ వారమే ఇళ్ల ప్రొఫైళ్లన్నిటిలో లాగులు ఆపేశాను. ల్యాబులో మాత్రం ప్రధానోపాధ్యాయుల అనుమతితో కొద్ది రోజులకు ఉంచాం, ఆ సంగతి గోడ మీద రాసి మరీ. కాపలా కాస్తామని చెప్పి కిటికీలోంచి తొంగిచూడకూడదు కదా.

దీంతో మోసాలన్నీ ఆగిపోతాయని అనుకోకండి. టీ కొట్టును దారి అడగకుండా వెళ్లేవాణ్ని టీ కొట్టాయన ఆపలేడు. ఎవడో ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే డీఎన్ఎస్ ఏమీ చేయలేదు. ఈ ఉదయమే పుట్టిన మోసపు సైటు ఏ చిట్టాలోకీ ఎక్కి ఉండకపోవచ్చు. అందుకే కొత్త పేర్లను ఆపే స్విచ్చు మళ్లీ వేశాం. ఈసారి మెట్లన్నీ ఎక్కి, మన సంఘం సైటును అనుమతి జాబితాలో పెట్టి మరీ.

చివరిగా జూనియర్లకు ఒక విన్నపం. ఇవాళ ఆ కీ నా ఒక్కడి దగ్గరే ఉంది. రేపు నాకేమైనా అయితే 22 ఇళ్ల తలుపులు ఎవరూ దిద్దలేరు. ఇది మంచి పద్ధతి కాదు. నాకు ఇద్దరు కావాలి. పైథాన్ రాకపోయినా ఫర్వాలేదు, నేర్పుతాను. భోజనాలయ్యాక కంప్యూటర్ ల్యాబులో ఉంటాను. తమ ఇంటికి రక్షణ కావాలనుకునే వాళ్లు ఫోను పట్టుకుని రండి. పని నేర్చుకోవాలనుకునే వాళ్లు ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. మాస్టారు కూడా అక్కడే ఉంటారు, ఎర్ర పెన్నుతో.