ఇంటికి తగిన క్రిస్మస్ చెట్టు

డిసెంబరు ప్రవేశించినంతనే మన గోదావరి డెల్టాలోని క్రైస్తవ గృహముల ముంగిట వెదురుబద్దల నక్షత్రములు వెలుగును. లోపలి గదిలో నిలుపవలసిన చెట్టు సంగతి మాత్రము ప్రతి యేట నొక చర్చయే. ఈ తడవ కృత్రిమ వృక్షమును కొనవలెనని తలచు గృహస్థులకు, అది నిజమైన చెట్టువలె కనబడుటకు ఏమేమి చూచుకొనవలెనో విన్నవింపదలచితిమి.

నిజమైన చెట్టనగా నేది? ఈ ప్రశ్న ముందు తేలవలెను. ఈ ఆచారము పుట్టినది జర్మనీలో. అచట చలిప్రదేశములందు పెరుగు ఫర్, స్ప్రూస్ వృక్షములను దీనికి వాడుదురు. 1848లో విక్టోరియా రాణి కుటుంబము చెట్టు చుట్టు నిలిచియున్న చిత్రము ‘ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రికలో వెలువడిన పిదప ఇంగ్లీషు ఇండ్లలో నిది మిక్కిలి వ్యాపించెను. రాజమహేంద్రవరమునకు ఉత్తర జర్మనీ మిషనువారు వచ్చినది అంతకు మూడేండ్ల ముందు, 1845లో. మన తీరమున ఫర్ వృక్షము పెరుగదు గనుక సరుగుడు కొమ్మను నరికి తెచ్చి, బాల్చీలో ఇసుక పోసి నిలుపుట వాడుక. సరుగుడు ఆ జాతి చెట్టు కాదు. దానికి సూదులవలె కనబడునవి ఆకులును కావు, కణుపులు గల సన్నని రెమ్మలు. అయినను మన పిల్లల కంటికి క్రిస్మస్ చెట్టనగా నదియే. కడియము నర్సరీలలో కుండీలయందు పెంచి అమ్ము అరకేరియా మరియొకటి. పసిఫిక్ సముద్రములోని నార్ఫోక్ దీవి దాని పుట్టినిల్లు. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాచి ముచ్చటగా నుండును. నీరు పోయు ఓపిక, వెలుతురు గల వసారా ఉన్నవారికి దానిని మించినది లేదని మా అభిప్రాయము. తరచు ఇండ్లు మారువారికి, చెట్టు పండుగనాళ్లకు మాత్రమే కావలసినవారికి కృత్రిమమే గతి.

కృత్రిమ వృక్షము నేటి వింత కాదు. అడవులు తరిగిపోవుచున్నవని, పందొమ్మిదవ శతాబ్దమున జర్మనులు పెద్దబాతు ఈకలకు పచ్చరంగు వేసి తీగలకు చుట్టి చెట్లు చేసిరి. 1959 ప్రాంతమున అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము నుండి అల్యూమినియపు చెట్లు బయలుదేరెను. లోహముపై విద్యుద్దీపములు తగిలించుట అపాయము గనుక, క్రింద నొక దీపమునుంచి దానిముందు రంగుచక్రమును త్రిప్పెడివారు. తళుకునకు తళుకే గాని, దానిని చూచి చెట్టని యెవ్వరు భ్రమపడుదురు!

నేడు అంగళ్లలో ముఖ్యముగా దొరకునవి రెండు రకములు. మొదటిది పి.వి.సి. రేకును సన్నని పీలికలుగా కత్తిరించి ఇనుపతీగలో మెలివేసినది. తేలిక, చవుక, కాని దగ్గరకు పోయిన బ్రష్షువలె కనబడును. రెండవది నిజమైన రెమ్మనుండి అచ్చు తీసి పాలిథిలీనుతో పోతపోసినది. సూదులు నిండుగా, రెమ్మ మొదలు గోధుమవన్నెగా, చివర లేతపచ్చగా నుండును. వెల యెక్కువ. రెండును కలిపి చేసినవియు కలవు: వెలుపల పోత రెమ్మలు, లోపల మ్రాను కానరాకుండ పి.వి.సి. నింపు. మధ్యతరగతి కుటుంబమునకు ఇదియే మేలని మాకు తోచుచున్నది. కంటికి తగులునది పైరెమ్మయే కదా!

పెట్టెమీది బొమ్మను నమ్మి కొనరాదు. అంగడిలోనే విప్పించి చూడవలెను. రెమ్మను పిడికిట బిగించి విడువుడు. తిరిగి విచ్చుకొనవలెను, అరచేత పచ్చని పీలికలు రాలరాదు. పదియడుగుల దూరమున నిలిచి చూచినప్పుడు మ్రాను ఇనుపగొట్టమువలె బయటపడరాదు. కొలబద్ద పెట్టి కోసినట్లు సమముగా నుండు కొమ్మలు గొడుగును తలపించును. సరుగుడునకు అట్టి సమత్వము లేదు. మంచు పూసిన తెల్లచెట్టును మేము మెచ్చము. కొబ్బరితోటల నడుమ మంచేమి! దూది అంటించుటయు నంతే. పైగా నది నిప్పును త్వరగా అందుకొనును.

ఎత్తు విషయములో మనకొక చిక్కు కలదు, అది పంకా. దాని రెక్కలకు దూరముగా, గది మూల నిలుపవలెను. కొనయందు నక్షత్రమునకై ఒక అడుగు విడువవలెను. ఆరడుగుల గుబురుచెట్టు అడుగున నాలుగడుగుల వరకు పరచుకొనును. రాత్రి పాటల బృందము వచ్చినప్పుడు పదిమంది యెక్కడ నిలుతురో ముందే తలచుకొనుడు. ఇరుకైన ముందుగదికి సన్నని రకమే తగును.

కొవ్వొత్తులు ఎంతమాత్రము పనికిరావు. అంతగా వేడెక్కని ఎల్.ఇ.డి. దీపముల తోరణమే వాడవలెను. నిద్రించుటకు ముందు దానిని ఆర్పవలెను. పి.వి.సి. కాలినచో ఘాటైన విషవాయువు వెడలును. నిప్పునకు త్వరగా అంటుకొనని రకమని పెట్టెపై వ్రాసియున్నదేమో చూడుడు. చవుకరకపు పి.వి.సి.లో సీసము కలియుటయు కలదు. చేతికందినదెల్ల నోట పెట్టుకొను పసివాండ్రున్న యింట పాలిథిలీను చెట్టే మేలు.

నరసాపురము, అంతర్వేది, కాకినాడ వంటి చోట్ల ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టును గనుక, పీటకు రంగు చెడకుండ ఉన్నదో లేదో కొనునాడే చూడవలెను. పండుగ వెళ్లిన పిదప చెట్టును ఎండలో నుంచరాదు, రంగు వెలియును. తడిలేని గుడ్డతో తుడిచి, గుడ్డసంచిలో కట్టి, రెండు నాఫ్తలీను ఉండలు వేయవలెను. జూలై, ఆగస్టు నెలలలో గోదావరి వరద వచ్చు లంకగ్రామములవారు దానిని నేలమీద నుంచక, ఎలుకలకు అందకుండ అటకమీది దూలమునకు వ్రేలాడగట్టుట మంచిది.