రక్తపరీక్ష అంకెలు - రోగి భవితవ్యము

పంచాయతీ సభ్యులారా!

గ్రామములో ఎవరికైనను ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరినదని తెలిసినపుడు, ఆ కుటుంబమువారు ఆసుపత్రి కాగితములతో సలహాకొరకు మీయొద్దకు వత్తురు. "రక్తములో అంకెలు బాగులేవట. ఇంక వైద్యమునకు డబ్బు పెట్టవలెనా?" అని అడుగుదురు. అప్పుడు మీరేమి చెప్పవలెనో మనవి చేయుదును.

దెబ్బ తగిలినచోట ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచుట మన మెరిగినదే. వైద్యులు దీనిని శోథ యందురు. క్యాన్సరు గడ్డయు శరీరమునం దిట్టి శోథను రగుల్చును. దాని గుర్తులు రక్తములో కనబడును. కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీనును అధికముగా తయారుచేయును. ఆల్బుమిన్ అను మాంసకృత్తు తగ్గును. తెల్లకణములలో న్యూట్రోఫిలులు పెరిగి, లింఫోసైటులు తగ్గును.

2003లో స్కాట్లండులోని గ్లాస్గో వైద్యులు, శస్త్రచికిత్సకు వీలులేని ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను పరిశీలించిరి. లీటరు రక్తద్రవమునకు మొదటిది 10 మిల్లీగ్రాములకు మించి, రెండవది 35 గ్రాములకు తగ్గినవారు తక్కినవారికంటె సగటున తక్కువకాలము జీవించిరి. రోగనిరోధకశక్తిని మేల్కొలుపు కొత్త మందులు పొందినవారిలోను, న్యూట్రోఫిలుల పాలు ఎక్కువైనవారికి ఫలితము సగటున తక్కువగానే కనబడినది.

అయితే సగటు పెక్కుమందిది. మీ యెదుటనున్న రోగి ఎంతకాలము జీవించునో అది చెప్పజాలదు. పైగా న్యుమోనియా, క్షయ మొదలగు వ్యాధులును ఈ అంకెలను మార్చును. స్టీరాయిడు మందులు న్యూట్రోఫిలులను పెంచును. ఏ మందు ఈయవలెనో వైద్యులు గడ్డనుండి తీసిన ముక్కను, జన్యుపరీక్షను, రోగి శక్తిని చూచి నిర్ణయింతురు. కావున ఒక్క కాగితము చూచి వైద్యము మానిపింపరాదు.

మరి చేయవలసిన దేమి? జ్వరము, కఫము, ఆకలి మందగించుట, బరువు తగ్గుట ఉన్నచో దాచక వైద్యునికి చెప్పింపుడు. రోగి తినగలిగిన పుష్టికరమైన ఆహారమును గూర్చి అడిగింపుడు. నొప్పిని, ఆయాసమును తగ్గించు ఉపశమన చికిత్సను ఆరంభముననే కోరింపుడు. 2010లో అమెరికాలోని బోస్టను నగరమున ప్రకటింపబడిన పరిశోధనలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులలో క్యాన్సరు వైద్యముతోపాటు తొలినుండియు ఉపశమన చికిత్స పొందినవారు ఎక్కువ సుఖముగ నుండుటయేగాక, సగటున ఎక్కువకాలము జీవించిరి.

అంకెలు బాగులేని రోగికి మన ఆదరణ మరింత అవసరము. ఆ కుటుంబమువారి ప్రక్కన నిలిచి, ఈ మాట వారికి నచ్చజెప్పుడని కోరుచున్నాను.