పటాల్లో పిల్లల దుస్తులు

18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు చిత్రపటాల్లో పిల్లలు పెద్దల తరహా దుస్తుల్లోనే కనిపిస్తారు. ఆడపిల్లల నడుమును బిగుతు కట్టుతో బిగించేవారు. చిన్న మగపిల్లలకు కొన్నేళ్లు నిండేదాకా గౌన్లే తొడిగేవారు. పిల్లల శరీరాన్ని బంధించరాదని తత్త్వవేత్తలు జాన్ లాక్, ఆ తర్వాత రూసో వాదించాక పద్ధతి మెల్లగా మారింది. 1780ల నాటికి రేనాల్డ్స్ వంటి చిత్రకారుల పటాల్లో తెల్లని మస్లిన్ గౌను, నడుముకు పట్టీ మామూలయ్యాయి. ఆ సన్నని నూలుబట్టకు పుట్టిల్లు భారతదేశమే.

ఈ చిత్రకళా సంప్రదాయంలోనే, కాస్త ఆలస్యంగా, హైదరాబాదు పిల్లల పటం ఒకటి రూపుదిద్దుకుంది. ఆ పటాలన్నిటికన్నా హృదయాన్ని తాకేది ఇదే. హైదరాబాదులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) జేమ్స్ కిర్క్‌పాట్రిక్, అక్కడి కులీన స్త్రీ ఖైరున్నిసా దంపతుల బిడ్డలను 1805లో ఇంగ్లీషు చిత్రకారుడు జార్జ్ చిన్నరీ మద్రాసులో చిత్రించాడు. నాలుగేళ్ల సాహిబ్ ఆలం ఒంటిమీద జరీ అంచు ఎర్రని జామా (పొడవాటి అంగీ), మెడలో పెద్ద ముత్యాల పేటలు, కాళ్లకు కొన వంపు తిరిగిన జోళ్లు ఉన్నాయి. పక్కనే మూడేళ్ల చెల్లెలు సాహిబ్ బేగం నిలుచుంది. ఇద్దరివీ హైదరాబాదు కులీనుల దుస్తులే. ఇంగ్లండు గౌను జాడే లేదు.

ఆ ఏడాదే పిల్లలు ఓడెక్కారు. ఇంగ్లండులో విలియం, కేథరిన్ అన్న పేర్లతో, అక్కడి దుస్తుల్లో పెరిగారు. తండ్రి అదే ఏడాది అక్టోబరులో కలకత్తాలో మరణించాడు. తల్లిని వారు మళ్లీ చూడలేదు.