గురిగింజ యెత్తు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఈ యిరువదియైదేండ్ల పండుగలో నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆదేశించినారు. పురాణములనుండి యేదో యొక ఘట్టమును వివరింతునని పలువురు తలచియుందురు. నేను చెప్పబోవునది ఒక చేతిపనిని గూర్చి. రేడియోతో నడుపు చిన్న పడవలకు తగిలించు ప్రొపెల్లరునకు పదును పెట్టి తూకము సరిచేయు విద్యను ఏబది యేండ్లు దాటిన పిదప నేర్చుకొంటిని. లెక్కలు వ్రాసి బ్రదుకువానికి ఈ పని యెందుకని మీకు తోచవచ్చును. నేర్చిన కొలదియు అదియు లెక్కపనియే యని నాకు తెలిసినది. అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పును గూడ మీ యెదుట చెప్పుకొనదలచితిని. అది చదువవలసినదానిని చదువకపోవుటవలన జరిగిన తప్పు. కావున గ్రంథాలయములో చెప్పదగినదే.

నా సోదరి కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. వారియింట కొన్ని నెలలుంటిని. అతడు ఆదివారమునాడు ఊరివెలుపలి చెరువునకు పోయి, రెండు మూరల పొడవుగల పడవను నీటిపై విడిచి, ఒడ్డున నిలిచి చేతిలోని పెట్టెతో నడుపును. అది విద్యుత్తు మోటారుతో నడచు పడవ. తోడి పడవలతో పందెములును వేయుదురు. మొదటిదినమున నేను నవ్వితిని. రెండవ ఆదివారమునకు అతనికంటె ముందుగా నేనే చెప్పులు తొడిగికొంటిని.

ఇది పిల్లలాట యని తీసివేయరాదు. ఓడలకు ప్రొపెల్లరును అలవరచినవారిలో ముఖ్యుడగు ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ ఇంగ్లండులో వ్యవసాయము చేసికొనువాడు. అతడు 1835లో ఒక బొమ్మపడవకు స్ప్రింగుతో తిరుగు కొయ్యమరను తగిలించి, తన పొలములోని కుంటలో నడిపి చూచెను. మరుసటి యేడు పేటెంటు పొందెను. 1837లో పెద్ద పడవను పాడింగ్టన్ కాలువలో నడుపుచుండగా ఆ కొయ్యమరలో కొంత భాగము విరిగిపోయెను. అంతట పడవ నిలిచిపోక మునుపటికంటె వేగముగా సాగెనట! ఉన్నదంతయు అవసరమైనది కాదని ఆ విరిగిన ముక్క నేర్పినది. ఇక రేడియో మాట. నికోలా టెస్లా 1898లో న్యూయార్కు నగరమున, మాడిసన్ స్క్వేర్ గార్డెనులో, తీగ లేకయే దూరమునుండి నడుపబడు చిన్న పడవను ప్రజలకు చూపెను. ఆకాశవాణి పాట వినబడుటకు ఎన్నియో యేండ్లకు ముందే పడవ రేడియో మాట విన్నదన్నమాట.

ప్రొపెల్లరనగా నడుమ నాభియు, దానికి మెలిపెట్టినట్లున్న రెండో మూడో రెక్కలును గల లోహపుముక్క. మా మేనల్లుడు నా చేతికిచ్చినది రెండు రెక్కలది. దానిపై 445 అని యున్నది. సర్వే నంబరువలె ఆ అంకెకు నర్థము కలదు. మొదటి నాలుగు ‘పిచ్’ను తెలుపును, వెనుకటి నలువదియైదు వ్యాసమును మిల్లీమీటర్లలో తెలుపును. మెత్తని కొయ్యలో మేకుమర దిగినట్లు, ప్రొపెల్లరు ఒక చుట్టు తిరిగినపుడు ఎంత దూరము ముందునకు సాగవలెనో అదియే పిచ్. ఈ జాతిలో అది వ్యాసమునకు 1.4 రెట్లు, అనగా 63 మిల్లీమీటర్లు. నిమిషమునకు ముప్పదివేల చుట్లనగా సెకనుకు ఐదువందలు. గుణించి చూడుడు: సెకనుకు ముప్పదియొకటిన్నర మీటర్లు, గంటకు 113 కిలోమీటర్లు! నీరు కొయ్య కాదు గనుక జారును. అందుచేత నిజమైన వేగము ఈ లెక్కకు తగ్గును.

ఈ పందెపు పడవలలో ప్రొపెల్లరు పూర్తిగా మునిగి తిరుగదు. సగము నీటిలోను, సగము గాలిలోను ఉండును. కావున ఒక్కొక్క రెక్కయు సెకనుకు ఐదువందలమారులు నీటిలో దిగి పైకి వచ్చుచుండును. అచ్చునుండి వచ్చిన రెక్క అంచు మొద్దుగా నుండును. అట్టి యంచు నీటిని కోయదు, కొట్టును. కొట్టిన ప్రతిసారియు మోటారు బలము కొంత తుంపరయై పోవును. పదును పెట్టుట అందులకే.

పదును పెట్టుటకు ఒక క్రమము కలదు. ముందుగా రెండు రెక్కల మెలికయు ఒక్కటిగా నున్నదో లేదో కొలతతో చూడవలెను. రెక్కకు రెండు ముఖములు. నీటిని వెనుకకు త్రోయు ముఖమును ముట్టరాదు. దానియందే పిచ్ అంతయు నున్నది. రెండవ ముఖము, అనగా వీపువైపున, ముందంచు సన్నబడునట్లు ఆకురాయితోను, తరువాత తడిపిన ఉప్పుకాగితముతోను అరగదీయవలెను. గరుకు కాగితముతో మొదలిడి క్రమముగా నునుపు కాగితమునకు రావలెను. వెనుకంచు మూలను గుండ్రము చేయరాదు. అచ్చట నీరు రెక్కను శుభ్రముగా విడిచిపోవలెను. పదునైన పిదప ఆ యంచు మంగలికత్తి వంటిది. దానిని వేలితో పరీక్షింపరాదని నా వేలే నాకు చెప్పినది.

పదును తరువాత తూకము. ఈ వరుస తప్పరాదు. ముందే తూకము సరిచేసినచో, పదును పెట్టునప్పుడు రాలిన లోహము ఆ తూకమును మరల చెరుపును. ఖాతాలన్నియు పూర్తిగా ఎక్కింపకముందే నిలువ తేల్చుట వంటి దది.

తూచు పరికరము చిన్నది. ప్రొపెల్లరును సన్నని ఉక్కు ఇరుసునకు గ్రుచ్చి, రెండు అయస్కాంతముల నడుమ నుంచుదురు. ఇరుసు ఒకవైపు మాత్రమే మొనతో ఆనియుండును. రెండవ కొన గాలిలో తేలుచుండును. కావున ఊపిరి తగిలినను తిరుగును. బరువైన రెక్క తనంతట క్రిందికి దిగును. దాని వీపున కొంచెము అరగదీసి మరల చూడవలెను. రెక్క కొనవద్ద తీసిన కొంచెము నాభివద్ద తీసినదానికంటె ఎక్కువ పని చేయును. ఎంత తీయవలెనో తెలియనిచో, తేలిక రెక్కకు జిగురుపట్టీ ముక్క అంటించి ముందే అంచనా కట్టవచ్చును. ఏ కోణమున నిలిపిన ఆ కోణముననే కదలక నిలిచినప్పుడు లెక్క సరిపోయినట్లు.

ఇంత సూక్ష్మమెందుకని అడిగితిని. “మామయ్యా, లెక్కలు మీకు బాగా వచ్చు కదా, మీరే వేసి చూడండి” అని అతడు సూత్రమును కాగితముపై వ్రాసియిచ్చెను. మన కంసాలులు బంగారము తూచిన గురిగింజ యెత్తు సుమారు 0.12 గ్రాము. నాభినుండి ఇరువది మిల్లీమీటర్ల దూరమున ఒక రెక్కపై అంత బరువు అధికముగా నున్నదనుకొందము. నిమిషమునకు ముప్పదివేల చుట్ల వేగమున అది ఇరుసును సుమారు రెండు కిలోల నాలుగువందల గ్రాముల బలముతో ప్రక్కకు లాగును! ఆ లాగుడు దిక్కు సెకనుకు ఐదువందలమారులు చుట్టి వచ్చును. బేరింగులు అరుగును, ఇరుసు వంగును, పడవ వణకును. వేగము సగమైనచో ఆ బలము సగము గాక పాతికవంతగును. నిలిచియున్నపుడు ఆ దోషము కంటికే కానరాదు. గురిగింజ తన నలుపెరుగదందురు. వేగమే దానికి అద్దము చూపును. చిట్టాలో పది పైసల తేడాను చూచి యూరకుండరాదని నా గురువు నాకు చిన్ననాడు చెప్పిన మాట అక్కడ నా కర్థమైనది.

నేను సరిచేసిన మొదటి ప్రొపెల్లరు ఈ బల్లపై నున్నది, చూడుడు. కుడిరెక్క దిగినదని దానిని అరగదీసితిని. అంతట ఎడమరెక్క దిగినది. దానిని అరగదీసితిని, మరల కుడిది. రెండు పిల్లులకు కోతి రొట్టె పంచిన చందమున సాయంకాలమగునప్పటికి రెండు రెక్కలును తాటాకులైనవి. తూకము కుదిరినది, ప్రొపెల్లరు మిగులలేదు. ఖాతాలో తప్పు పడిన సవరణ వ్రాయవచ్చును. లోహమున తీసినదానిని తిరిగి చేర్చలేము. కావున ఈ విద్యలో ప్రధానమైనది, ఇంకను తీయగలిగియు ఆగుట.

ఇక నా పెద్ద తప్పు. తడిపి అరగదీయుమని మేనల్లుడు మొదటనే చూపియుండెను. నునుపు కొరకే కాబోలునని నేను తలచితిని. ఒకదినము అతడు పనికి పోయినపుడు, త్వరగా ముగించి మెప్పు పొందవలెనని, విద్యుత్తుతో తిరుగు చిన్న సానమరతో పొడిగానే అరగదీయ నారంభించితిని. పొడి చెదరకుండుటకు ప్రొపెల్లరుతో వచ్చిన కాగితమునే బల్లపై పరచితిని. పచ్చని సన్ననిపొడి దానిపై పేరుకొన్నది. వారి నాలుగేండ్ల పాప వచ్చి, నేను నేర్పిన ‘అ’ అక్షరమును ఆ పొడిలో వ్రేలితో వ్రాసి, “తాతయ్యా, బాగుందా?” అనెను. బాగున్నదంటిని.

సాయంకాలము మేనల్లుడు వచ్చి చూచి, తెల్లబోయి, మొదట పాపను ఎత్తుకొని లోనికి పోయెను. తరువాత వచ్చి మెల్లగా, “మామయ్యా, ఆ కాగితం చదివారా?” అని అడిగెను. ఆంగ్లము కూడబలుకుకొని చదువగలవాడనే. చదువలేదు. ఆ ప్రొపెల్లరు బెరీలియము కలిసిన రాగి. ఆ జాతి లోహమున బెరీలియము సాధారణముగ నూటికి రెండు పాళ్ల ప్రాంతమున నుండును. అది గట్టితనమునిచ్చును. ముద్దగా నున్నంతకాలము ముట్టినను భయము లేదు. పొడియై ఊపిరిలో చేరిననే ముప్పు. కొందరికి స్వల్పమైన పొడితోనే ఊపిరితిత్తుల వ్యాధి కలుగవచ్చును. అది ఏండ్ల తరువాత బయటపడవచ్చును. దానిని పూర్తిగా మాన్పు మందు లేదు. అమెరికాలో ట్యూబులైట్ల కర్మాగారముల పనివారికి ఇట్టి వ్యాధి వచ్చినట్లు హారియట్ హార్డీ యను వైద్యురాలు తన సహచరునితో కలిసి 1946లోనే ప్రకటించెను. నేను పరచిన కాగితముపై నున్న హెచ్చరిక అదియే. ఆ యక్షరములను నా చేతితోనే పొడిక్రింద కప్పితిని.

ఊడ్చిన పొడి గాలిలో లేచును గనుక ఊడ్వలేదు. ముఖములకు తగిన ముసుగులు తగిలించుకొని, తడిగుడ్డలతో బల్లను, నేలను, గోడలను తుడిచితిమి. ఆ గుడ్డలను ఆరకముందే సంచిలో కట్టి మూసితిమి. మా కోడలు పాపకు తలస్నానము చేయించి బట్టలను వేరుగా ఉతికెను. నన్ను ఒక్కమాట యనలేదు. అనినచో నా మనసు కొంత తేలికపడియుండెడిది. వైద్యునికి జరిగినది తెలిపితిమి. ఇంతవరకు పాపకు గాని, నాకు గాని ఏ బాధయు లేదు. అయినను ఫోనులో ఆ బిడ్డ దగ్గు వినబడినచో, ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఆ తరువాత పళ్లెములో నీరు పోసి, నీటిలోపలనే ప్రొపెల్లరును పట్టుకొని, చేతితోనే అరగదీసితిని. మడ్డిని ఎండనీయక మూటగట్టితిని. ఒక్క ప్రొపెల్లరునకు మూడు సాయంకాలములు పట్టెను. నాలుగవదినమున చెరువులో పడవ కూత మారినది. మునుపటి గరగర పోయి, తంబుర మీటినట్లు ఒక్కటే స్వరము. మేనల్లుడు పెట్టెను నా చేతికిచ్చెను.

మార్కండేయపురాణమున విశ్వకర్మ సూర్యుని సానపట్టిన కథ మీ రెరిగినదే. సంజ్ఞ సహింపలేని తేజస్సును విశ్వకర్మ అరగదీసెను. ఆ రాలినదానితో విష్ణువునకు చక్రమును, శివునకు త్రిశూలమును చేసెను. చిన్ననాటినుండి ఆ కథ చదువుచు, సూర్యునివైపే చూచితిని. ఇప్పుడు రాలినదానివైపు చూచుచున్నాను. ఏ పనిలోనైనను మిగిలినది ఎంత ముఖ్యమో రాలినది ఎచ్చట పడెనన్నదియు అంత ముఖ్యము. విశ్వకర్మ తన పొడికి లెక్క చెప్పెను. నేను చెప్పలేకపోతిని.

మన గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు యంత్రములు విప్పుచున్నారు, మోటార్లు బిగించుచున్నారు. మంచిదే. వారికొక్క మనవి. పెట్టె విప్పినపుడు వస్తువుకంటె ముందు దానితోడి కాగితమును తీసి చదువుడు. అర్థము కానిచో ఇచ్చటికి తెండు. నిఘంటువు దగ్గరపెట్టుకొని కలిసి చదువుదము. నేను సాయంకాలములందు ఈ మూలబల్లయొద్దనే యుందును.

అరిగిపోయిన ఈ ప్రొపెల్లరును గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. దీనినెవ్వరును ఆకురాయితో ముట్టరాదని చీటీ వ్రాసి కట్టితిని.