గుట్ట ఎక్కే సైకిల్

(క్షేత్రస్థాయి కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల చలనస్వేచ్ఛ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది పెద్ద మాట. నాకు బాగా తెలిసింది ఒక దారి, దాని గురించే చెప్తాను.

1996 చలికాలంలో మేం ఏడుగురం ఆసిఫాబాద్ నుంచి కెరమెరి మీదుగా జైనూరు వైపు సైకిళ్ల మీద పోయాం. అప్పుడు అదంతా ఆదిలాబాద్ జిల్లాయే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టాక కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా అయింది. గూడేల్లో సంఘాల సమావేశాలున్నాయి. బస్సు రోడ్డు మీద దించిపోతుంది, అక్కడి నుంచి నడక. చీకటి పడేలోగా తిరిగి రాలేం. రాత్రి బయట ఉంటామంటే ఇళ్లల్లో గొడవ. "సంస్థ ఇచ్చిన సైకిళ్లు వరండాలో తుప్పు పడుతున్నయ్ గదా" అన్నది మాలో ఒకామె. అట్లా బయల్దేరాం.

నేను కరీంనగర్ దగ్గర పల్లెలో నాన్న సైకిల్ మీద, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నదాన్ని. మా ఊళ్లో చెరువు కట్టే పెద్ద ఎత్తు. కెరమెరి ఘాట్ చూశాక కాళ్లు చల్లబడ్డాయి. మూడో మలుపు దాకా తొక్కాను. తర్వాత దిగి నెట్టాను. అందరం నెట్టాం. లారీ క్లీనరొకడు తల బయటపెట్టి "గుట్టెక్కుడు ఆడోళ్లతోటి అయితదా?" అని అరిచిపోయాడు. ఆ సైకిల్ మీద వాడితోనూ కాదు. గేర్లు లేని బరువైన సైకిల్‌ను నిట్టనిలువు ఎత్తు మీద ఎవరైనా నెట్టాల్సిందే. కానీ అప్పుడు మాకు ఆ సంగతి తోచలేదు. లోపం మాలోనే ఉందనుకొని తలలు వంచుకొని నెట్టాం. ఇన్నేళ్లకూ నాకు కోపం తెప్పించేది ఆ క్లీనర్ మాట కాదు, మేం తలలు వంచుకోవడం.

తారు వదిలి గూడేల మొరం దారి పట్టాక అసలు చదువు మొదలైంది. పైన వదులు కంకర, కింద బండ. ఎత్తు మీద లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం ఉత్తగా తిరుగుతుంది. సీటు మీదనే కూర్చొని ముందుకు వంగి తొక్కాలి. దిగుడులో భయపడి ముందు బ్రేకు గట్టిగా పట్టారా, పడ్డారే. నేను పడ్డాను, ఇదిగో మోచేతి మీద మచ్చ. వెనక బ్రేకు వదిలి వదిలి పట్టాలి, ఒళ్లు వెనక్కి వేయాలి, చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, పోవాల్సిన జాగా మీద ఉండాలి. టైర్లో గాలి కొంచెం తగ్గిస్తే కంకర మీద పట్టు దొరుకుతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు పోతుంది. ఇవన్నీ మాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. సైకిల్ ఇచ్చిన రోజు దండ వేసి ఫొటో మాత్రం తీశారు.

చీర సంగతి కూడా చెప్పాలి. ఇద్దరి కుచ్చిళ్లు గొలుసులో పడి చిరిగాయి. గూడెంలో గోండు అక్కలు కట్టే గోచీ కట్టు చూసి, మర్నాడు మాలో నలుగురు అట్లాగే కట్టుకున్నారు. అక్కడ ఒక అవ్వ మమ్మల్ని చూసి గోండీలో ఏదో అడిగింది. పక్కనున్న పిల్ల తెలుగులో చెప్పింది: "మీ ఇండ్లల్ల ఇయ్యాల పొయ్యి ఎవరు రాజేస్తున్నరు?" ఏడుగురిలో ఒక్కరం కూడా "మా ఆయన" అనలేకపోయాం. అత్త, ఆడబిడ్డ, పన్నెండేళ్ల బిడ్డ. మేం తిరిగిన రెండు రోజుల బరువూ ఇంకో ఆడదాని మీదే పడింది.

పుదుక్కోట్టై కథ మీలో చాలామందికి తెలుసు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉండగా, లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారని పాలగుమ్మి సాయినాథ్ రాశారు. బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు కడ్డీ ఉన్న మగవాళ్ల సైకిలే కోరుకున్నారట. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లకు డబ్బులిచ్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనబడిందని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్‌ల అధ్యయనం తేల్చింది. సంతోషమే. కానీ అవి చదును నేలలు. చదును నేలకు సరిపోయిన సైకిల్‌ను జైనూరు గుట్టల్లో పంచి, "ఇచ్చాం, వాళ్లే వాడుకోవట్లేదు" అని రిపోర్టు రాస్తే ఎట్లా? ఆ రిపోర్టుల్లో కొన్ని నేనూ రాశాను, ఒప్పుకుంటున్నాను.

అందుకే ఈసారి అర్జీలో ఉత్త "సైకిళ్లు కావాలి" అని రాయొద్దు. గుట్ట ప్రాంతానికి గేర్ల సైకిల్ అని రాయండి. పంపు, పంక్చరు సామాను, బ్రేకు రబ్బర్లు ఏటా అని రాయండి. మండల కేంద్రంలో మరమ్మతు నేర్చిన ఒక ఆడమనిషికి జీతం అని రాయండి. గూడెం దారికి ఏటా వానలు వెలిశాక మొరం పోయించాలని, కోసుకుపోయిన చోట్లు పూడ్చాలని రాయండి. సైకిల్ దిగజారే దారిలో నొప్పులొచ్చిన తల్లిని మంచం మీద మోసుకురావాలన్నా కష్టమే. రాత్రి ఆగడానికి తలుపు గడియ పడే గది కూడా రాయండి. ఎక్కువ అడిగారంటే, మొదటిసారి తక్కువ అడిగి ఏమైందో వరండాలో తుప్పు పట్టిన వాటిని చూపండి.

ఇంక చాలు. బయట రెండు సైకిళ్లు పెట్టించాను. ఒకటి మామూలుది, ఒకటి గేర్లది, కిరాయికి తెచ్చాం. హాలు వెనక చిన్న మిట్ట, కంకర దారి ఉన్నాయి. రానివాళ్లు ముందు రండి, వచ్చినవాళ్లు సీటు పట్టుకోండి. భోజనాలు గంట ఆలస్యమవుతాయని వంటవాళ్లకు చెప్పాను.