ఫిర్యాదు ఒక్కటే చాలదు, దర్యాప్తు జరగాలి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



తెలుగులో ఫిర్యాదు, దర్యాప్తు అనే మాటలున్నవి. రెండూ మన ఉర్దూలో వున్నవే. ఫర్యాద్ అంటే మొర. దర్యాఫ్త్ అంటే అడిగి తెలుసుకొనడం. కాలేజీల్లో మన పిల్లల మొర వినేవాళ్లు దొరుకుతారు గాని, అడిగి తెలుసుకొనేవాళ్లు తక్కువ. ఆ సంగతే నాలుగు మాటలు మనవి చేస్తాం.

మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. పదో తరగతి దాటి మా పిల్లలు ఇంగ్లీషు మీడియం కాలేజీలకు పోతారు. అక్కడ పేరు విని ఒకరు, మాట తీరు చూసి ఒకరు, బురఖా చూసి ఒకరు ఎగతాళి చేస్తారు. పిల్ల ఇంటికొచ్చి చెబితే “సబర్ చెయ్యమ్మా, చదువుకో” అంటాం. సబర్ మంచిదే. కాని సబర్ అంటే నోరు మూసుకొనడం కాదు.

2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. 2019 మే 22న ముంబాయిలో పాయల్ తడ్వి అనే యువ డాక్టరు, పై చదువు చదువుతూనే, అలాగే పోయింది. ఆమె ముస్లిం ఆదివాసీ కుటుంబపు బిడ్డ. సీనియర్లు వేధిస్తున్నారని ముందే మొరపెట్టుకున్నామని ఇంటివారు చెప్పారు. ఆ ఇద్దరి తల్లులూ 2019లో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. కాలేజీల్లో వివక్ష ఫిర్యాదులను సరిగా విచారించే ఏర్పాటు కావాలని అడిగారు. పోయిన బిడ్డలు తిరిగి రారు. ఆ తల్లులు నడిచింది మన బిడ్డల కోసం.

ఇక నిబంధనల మాట. యు.జి.సి. 2012లో చేసిన వాటి ప్రకారం కులం, మతం, భాష, లింగం, వైకల్యం చూసి విద్యార్థిని వేరుగా చూస్తే అది వివక్ష. క్లాసులో కులమతాల పేర్లెత్తి చెప్పడం కూడా వేధింపే. విచారించడానికి ఒక అధికారి వుండాలి, 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. 2026 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి గాని, ఆ నెలలోనే సుప్రీంకోర్టు వాటిని నిలిపి, 2012 నాటివే నడవాలన్నది. ర్యాగింగు నిషేధ చట్టం మనకు 1997 నుంచే వున్నది. దానికి ఫోను 1800-180-5522.

లైంగిక వేధింపులకు 2013 చట్టం, 2015 యు.జి.సి. నిబంధనలు వున్నవి. మూడు నెలల్లోగా రాసి యివ్వాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఆడపిల్ల పేరు బయటికి రాకూడదు. డబ్బుతో రాజీ చెల్లదు. ఇజ్జత్ పేరు చెప్పి పంచాయతీ పెట్టే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఫిర్యాదు నోటితో చేస్తే గాలికి పోతుంది. తేదీ, వేళ, స్థలం రాయాలి. అన్న మాట అన్నట్టే రాయాలి. అక్కడ ఎవరెవరున్నారో రాయాలి. ఫోనులో వచ్చిన మెసేజీలు చెరపరాదు. దర్ఖాస్తు రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. కమిటీలో ఎవరున్నారో అడగాలి. ఎవరి మీద ఫిర్యాదో వారి మనిషే విచారణకు కూర్చుంటే అభ్యంతరం రాసి యివ్వాలి. సాక్షులను విడివిడిగా పిలవమనాలి. నిర్ణయం కాగితం మీద అడగాలి.

ఇంకొక మాట. ఆరోపణ వచ్చిన ప్రతివాడూ దోషి కాడు. అతని మాటా వినాలి, అప్పుడే దర్యాప్తు. రేపు మన పిల్లవాడి మీదే ఫిర్యాదు వస్తే? చిన్నవాళ్లను ర్యాగింగు చేశాడంటే? “మనవాడు” అని దాచితే, పరాయివాడి మీద ఇన్సాఫ్ అడిగే హక్కు మనకు వుండదు.

కాబట్టి మా విన్నపం ఒకటే. ఒక వకీలు, ఒక ఉపాధ్యాయుడు, చదువుకున్న ఒక సోదరి, ముగ్గురిని మన సంఘం ఏర్పాటు చెయ్యాలి. పిల్లలు భయం లేకుండా వాళ్లతో చెప్పుకోవాలి. వాళ్లు దర్ఖాస్తు రాయించి, గడువు లెక్కపెట్టి, తండ్రితో కలిసి ప్రిన్సిపాలు గది దాకా నడవాలి. కాలేజీలో సీటు తెప్పించడం సగం పని. ఆ సీట్లో పిల్ల తలెత్తుకొని కూర్చోవడం మిగతా సగం.